మందుల షాపులో ఫార్మసిస్ట్‌ని ఏం అడగాలి? చీటీ ఇచ్చి కవర్ తెచ్చుకోవడమేనా?

ప్రశ్న: అర_చెంచా

ఇంట్లో మూడేళ్ల పిల్ల, బీపీ, షుగర్, థైరాయిడ్ మందులు వాడే పెద్దవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు ఒకరు. ఇలాంటి కుటుంబం నెలకి నాలుగైదు సార్లు మందుల షాపు మెట్లెక్కుతుంది. చీటీ ఇవ్వడం, కవర్ అందుకోవడం. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక" అన్నదాంతో మాటలు సరి. అక్కడున్న ఫార్మసిస్ట్ వల్ల ఇంతకన్నా ఎక్కువ ఉపయోగం ఉండాలి కదా అనేది నా ప్రశ్న.

పిల్లల జ్వరం సిరప్ వయసుని బట్టి పోయాలా, బరువుని బట్టా? ఒకే మందు సీసాలు రకరకాల బలంతో వస్తాయి, ఆ లెక్క ఎలా తేలుతుంది? ఇద్దరు ముగ్గురు డాక్టర్లు రాసిన మందులు ఒకదానితో ఒకటి పడతాయో లేదో వాళ్లు చూడగలరా, చూడాలంటే మనం ఏం పట్టుకెళ్లాలి? బీపీ మిషన్, ఇన్‌హేలర్, ఇన్సులిన్ పెన్ సరిగ్గానే వాడుతున్నామా అని అక్కడ చూపించుకోవచ్చా? ఏ దశలో "ఇక డాక్టర్ దగ్గరికే వెళ్లండి" అనాలి?

అంకెలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి. "వైద్యుణ్ణి సంప్రదించండి" అన్న ముక్క ప్రతి డబ్బా మీదా ఉంది, అది చదివాం.

కౌంటర్_వెనక

ముందు ఒక చిన్న విషయం. కౌంటర్ దగ్గర నిలబడ్డ ప్రతివాళ్లూ ఫార్మసిస్ట్ కారు. అరలోంచి మందు తీసిచ్చేవాళ్లు వేరు, ఆ చదువు చదివి రిజిస్టర్ అయినవాళ్లు వేరు. "ఫార్మసిస్ట్‌తో మాట్లాడాలండీ" అని అడగడానికి మొహమాటపడొద్దు. నలుగురిలో చెప్పలేని సంగతైతే పక్కకి వచ్చి మాట్లాడమనండి. రద్దీ లేని వేళ వెళ్తే ఇద్దరికీ సుఖం.

ఇప్పుడు సిరప్ సంగతి. జ్వరానికిచ్చే పారాసెటమాల్ లెక్కకి బరువే ఆధారం. వయసుని బట్టి డబ్బా మీద వేసే పట్టిక ఓ అంచనా మాత్రమే. ఒకే ఈడు పిల్లల్లో ఒకరు 11 కిలోలుంటారు, ఇంకొకరు 16. ఒక్కో డోసుకి కిలోకి 10 నుంచి 15 మి.గ్రా. డోసుకీ డోసుకీ మధ్య కనీసం 4 గంటలు, వీలైతే 6. 24 గంటల్లో 4 డోసులు మించకూడదు.

12 కిలోల పిల్ల అనుకోండి. కిలోకి 15 చొప్పున 180 మి.గ్రా. ఇక్కడిదాకా అందరికీ బాగానే వస్తుంది. తప్పు జరిగేది తర్వాతి మెట్టులో, మి.గ్రా.ని మి.లీ.గా మార్చేటప్పుడు. సీసా మీద "5 మి.లీ.లో 120 మి.గ్రా." అని ఉంటే 7.5 మి.లీ. పోయాలి. "5 మి.లీ.లో 250" అని ఉంటే 3.6 మి.లీ. పసిపిల్లల డ్రాప్స్ అయితే చాలావాటిలో 1 మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది, అంటే 1.8 మి.లీ. చాలు. మూడు సీసాల్లోనూ ఉన్నది ఒకే మందు. డ్రాప్స్ సీసా చేతిలో పట్టుకుని, పాత సిరప్ కొలత గుర్తు పెట్టుకుని 7.5 మి.లీ. పోస్తే పిల్ల కడుపులోకి వెళ్లేది 750 మి.గ్రా. ఇవ్వాల్సినదానికి నాలుగు రెట్లు పైనే. అందుకే "పోయినసారి ఎంత పోశామో అంతే" అనేది ప్రమాదం. కొత్త సీసా కొన్నప్పుడల్లా లెక్క కొత్తగా వేయించుకోవాలి. బరువు చెప్పి "ఈ సీసాకి ఎన్ని మి.లీ.?" అని అడగండి. ఆ అంకెని సీసా మీదే పెన్నుతో రాయించుకోండి.

వంటింటి చెంచాలు వాడకండి, ఒక్కో దానికి ఒక్కో లోతు. సూది లేని నోటి సిరంజి అడిగి తీసుకోండి. మందు పైకి లాగాక నిలువుగా పట్టుకుని, వేలితో తట్టి గాలి బుడగ బయటికి పంపి, గీత కంటికి సమానంగా వచ్చేలా చూడాలి. నోట్లో పోసేటప్పుడు గొంతులోకి సూటిగా కాదు, బుగ్గ లోపలి వైపుకి, కొద్దికొద్దిగా. సస్పెన్షన్ రకం అయితే ప్రతిసారీ బాగా ఊపాలి. ఊపకపోతే మొదటి డోసుల్లో నీళ్లు, అడుగు డోసుల్లో మందు.

ఇచ్చిన అరగంటలోపు మొత్తం కక్కేస్తే అదే డోసు ఇంకోసారి ఇవ్వొచ్చు. అరగంట దాటాక కక్కితే మళ్లీ ఇవ్వొద్దు, తర్వాతి వేళ దాకా ఆగాలి.

ఇంకోటి, పొడి రూపంలో వచ్చే యాంటీబయాటిక్ సిరప్. దీన్ని ఫార్మసిస్ట్ చేతే కలిపించుకోవడం నయం. ఇంట్లో కలపాల్సి వస్తే ముందు సీసాని అరచేతికేసి తట్టి, అడుగున గడ్డకట్టిన పొడిని విడగొట్టాలి. కాచి చల్లార్చిన నీళ్లు సగం పోసి ఊపి, నురగ దిగాక మిగతావి గీత దాకా పోసి మళ్లీ ఊపాలి. నురగని చూసి గీత అందిందనుకుంటే నీళ్లు తక్కువై మందు చిక్కబడుతుంది. గీత దాటి పోస్తే పలచబడుతుంది. కలిపిన తేదీ లేబుల్ మీద రాయాలి. అమాక్సిసిలిన్-క్లావులనేట్ అయితే ఫ్రిజ్‌లో 7 రోజులు, ఆ తర్వాత పారేయాలి. అన్నీ ఫ్రిజ్‌లోకి వెళ్లవు సుమా. క్లారిత్రోమైసిన్ సిరప్‌ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. కాబట్టి "ఇది ఎక్కడ పెట్టాలి, ఎన్ని రోజులు?" అనే ప్రశ్న సీసా సీసాకీ అడగాల్సిందే.

నీలిమూత

పై పోస్టుకి కొనసాగింపు. జ్వరం తగ్గకపోతే పారాసెటమాల్, ఇబుప్రోఫెన్ రెండూ మార్చి మార్చి ఇవ్వొచ్చు. రెండింటికీ 3 గంటల తేడా చాలు.

కౌంటర్_వెనక

నీలిమూత గారూ, దాన్ని అలా సులువుగా చెప్పేస్తే ఇబ్బంది. రెండూ ఒకేసారి ఇవ్వకూడదు, మార్చి మార్చి ఇవ్వడం కూడా మొదటి పద్ధతి కాదు. ఒక మందు ఇచ్చాక కూడా పిల్ల బాధపడుతూ, తర్వాతి డోసుకి ఇంకా టైం ఉన్నప్పుడు మాత్రమే ఆ ఆలోచన. అప్పుడైనా దేన్ని ఎన్ని గంటలకి ఇచ్చారో కాగితం మీద ఉండాలి. అర్ధరాత్రి ఒకరు ఇచ్చిందే తెల్లవారుజామున ఇంకొకరు మళ్లీ ఇవ్వడం, డోసులు లెక్క తప్పడం దీంతోనే మొదలవుతాయి.

పైగా థర్మామీటర్లో అంకెని దించడం కోసం మందు ఇవ్వక్కర్లేదు. 38.5 డిగ్రీల సెల్సియస్ ఉన్నా పిల్ల ఆడుకుంటూ, తాగుతూ ఉంటే ఆగొచ్చు. ఇబుప్రోఫెన్ డోసు వేరు, కిలోకి 5 నుంచి 10 మి.గ్రా., 6 నుంచి 8 గంటలకోసారి. వాంతులు, విరేచనాలతో నీరసించిన పిల్లకి, చికెన్‌పాక్స్ ఉన్నప్పుడు, డెంగీ అనుమానం ఉన్నప్పుడు అది వద్దు. 16 ఏళ్లలోపు వాళ్లకి జ్వరానికి ఆస్పిరిన్ అసలే వద్దు, రే సిండ్రోమ్ అనే కాలేయం, మెదడు జబ్బు వచ్చే అవకాశం ఉంది.

మూడు నెలలు నిండని పసిబిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్ దాటితే ఏ సిరప్పూ అడగకండి, సూటిగా ఆస్పత్రికే.

పదిరకాల_మాత్రలు

రెండో ప్రశ్న నేను తీసుకుంటాను, పెద్దవాళ్ల మందులు.

మందులు పడతాయో లేదో ఫార్మసిస్ట్ చూడగలరు, అది వాళ్ల చదువులో పెద్ద భాగం. కాకపోతే కనిపించని మందుని ఎవరూ చూడలేరు. చీటీ మాత్రమే పట్టుకెళ్తే చీటీలో ఉన్నవే తెలుస్తాయి. ఇంట్లో వాడుతున్నవన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. చీటీ మందులు, చీటీ లేకుండా కొన్న నొప్పి మాత్రలు, విటమిన్లు, మూలికల పొడులు, కంటి చుక్కలు, పూత మందులు, ఎప్పుడో ఆపేసినా డబ్బాలో మిగిలినవి, అన్నీ. స్ట్రిప్పుని కత్తిరించి దాచుకునే అలవాటు ఉంటే మానుకోండి. పేరు, గడువు తేదీ ఉన్న ముక్క ముందే పోతుంది.

ఇంట్లో ఉంచాల్సిన జాబితాలో ఒక్కో మందుకి ఒక వరుస చాలు. అసలు మందు పేరు, బలం, ఎన్ని, ఏ వేళ, దేనికోసం, ఎవరు రాశారు, ఎప్పటినుంచి. అసలు పేరు రాయమనడానికి కారణం ఉంది. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండు చీటీల్లో వస్తే, పెద్దవాళ్లు రెండూ వేసుకుంటారు. పేర్లు వేరు, రంగులు వేరు, లోపల ఉన్నది ఒకటే. పారాసెటమాల్‌తో ఇది ఇంకా తేలిగ్గా జరుగుతుంది. ఒళ్లునొప్పుల మాత్రలో అదే, జలుబు మాత్రలో అదే, వేడినీళ్లలో కలిపే పొడిలోనూ అదే. పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాముల పైన ఎట్టి పరిస్థితిలోనూ పోకూడదు. 50 కిలోలలోపు బరువున్నవాళ్లకి, కాలేయం బాగోలేనివాళ్లకి, రోజూ మద్యం తాగేవాళ్లకి ఆ హద్దు ఇంకా కిందే. ఎక్కువైతే మొదటి రోజు ఏమీ తెలియదు, అదే అసలు సమస్య. విరుగుడు మందు 8 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, కాబట్టి "బాగానే ఉన్నారుగా" అని ఇంట్లో కూర్చోకూడదు.

ఫార్మసిస్ట్ సంచి తెరవగానే కళ్లు వెతికే జోడీలు కొన్ని ఉంటాయి. రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు, దాంతో పాటు నీరు పోయే మాత్ర, వాటి మీద మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ లేదా ఇబుప్రోఫెన్. విడివిడిగా మామూలు మందులే. మూడూ కలిస్తే కిడ్నీకి రక్తం అందడం తగ్గుతుంది, వాంతులో విరేచనాలో తోడైతే కిడ్నీ దెబ్బతినొచ్చు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లకి నొప్పి మాత్రలే కాదు, నోటి పూతకి రాసుకునే మైకొనజోల్ జెల్ కూడా రక్తస్రావం తెచ్చిపెడుతుంది. పూత మందేగా అని ఎవరూ చెప్పరు, అదే చిక్కు.

ఇంకో రకం తప్పు ఉంది, ఇది నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. ఒక మందు ఇబ్బంది పెడుతుంటే దాన్ని కొత్త జబ్బనుకుని ఇంకో మందు చేర్చడం. ఆమ్లోడిపిన్ వల్ల చీలమండలు వాస్తాయి. వాపుకి నీరు మాత్ర వస్తుంది. నీరు మాత్రతో పొటాషియం పడిపోతుంది, దానికి ఇంకో సీసా. రామిప్రిల్‌తో పొడిదగ్గు వస్తుంది, దగ్గుకి సిరప్ తర్వాత సిరప్. "ఈ దగ్గు ఏ మందు మొదలుపెట్టాక వచ్చింది?" అని ఫార్మసిస్ట్ అడిగే ఒక్క ప్రశ్నతో ఆ వరుస తెగొచ్చు. అయితే మందు మార్చేది డాక్టరే. ఫార్మసిస్ట్ చీటీ వెనక రెండు వాక్యాలు రాసిస్తే డాక్టర్‌కి పని తేలిక.

వేళల సంగతికొస్తే, థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతో, తినడానికి అరగంట నుంచి గంట ముందు. కాల్షియం, ఐరన్ మాత్రలకీ దానికీ 4 గంటల ఎడం. అన్ని మాత్రలూ పొద్దున్నే ఒకేసారి మింగేస్తే థైరాయిడ్ మందు కాల్షియానికి అతుక్కుని ఒంటికి పట్టదు. అప్పుడు పరీక్షలో అంకె పెరుగుతుంది, డోసు పెంచుతారు. పెంచాల్సింది డోసు కాదు, ఎడం.

ఒక్క మందు గురించి గట్టిగా చెప్పాలి. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి మాత్రమే. మిగతా మాత్రలతో కలిపి రోజూ వేసుకుంటే ఎముక మూలుగ దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. వారంలో ఏ రోజో లేబుల్ మీద పూర్తిగా రాయించుకోండి. ఆ మనిషికి మూత్రం ఇన్‌ఫెక్షన్ వచ్చి ట్రైమెథోప్రిమ్ ఉన్న యాంటీబయాటిక్ ఎవరైనా రాస్తే, ఫార్మసిస్ట్ ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయాల్సిన సందర్భం అది.

అర_చెంచా

చాలా ఉపయోగం. రెండు సందేహాలు. వారం రోజుల గళ్ల డబ్బాలో అన్ని మాత్రలూ సర్దేయొచ్చా? మింగలేనివాళ్లకి నూరి ఇవ్వొచ్చా?

పదిరకాల_మాత్రలు

గళ్ల డబ్బా మంచిదే, అన్నీ మాత్రం వేయకండి. డాబిగాట్రాన్ క్యాప్సూల్స్ తేమకి పాడవుతాయి, వాటి సొంత ప్యాకింగ్‌లోనే ఉండాలి. సోడియం వాల్ప్రోయేట్ కూడా తేమ పీల్చుకుని మెత్తబడుతుంది. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ బిళ్లలు వాటి గాజు సీసాలోనే, మూత బిగించి. పైన చెప్పిన మెథోట్రెక్సేట్‌ని డబ్బాలో అసలు కలపొద్దు, విడిగా ఉంచండి.

నూరడం: పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్, సీఆర్ అని ఉంటే అది నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర. నూరితే రోజంతటి మందు ఒక్క పెట్టున ఒంట్లోకి దిగుతుంది. ఈసీ అని ఉంటే కడుపులో కరగకుండా పూత వేసినది, నూరితే ఆ పూత ఎందుకూ పనికిరాదు. గీత ఉన్న మాత్రలన్నీ విరగ్గొట్టొచ్చు అనుకోవద్దు, కొన్నిటికి గీత అలంకారం. మింగలేకపోతే అదే మందు సిరప్‌గానో, నీళ్లలో కరిగే బిళ్లగానో దొరుకుతుందేమో ఫార్మసిస్ట్‌ని అడగండి. చాలాసార్లు దొరుకుతుంది.

ఒక డోసు మరిచిపోతే: గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి డోసు వేళ దగ్గర పడితే వదిలేయండి. రెండు కలిపి వేసుకోవద్దు. దీనికి మినహాయింపులు ఉన్నాయి, ముఖ్యంగా గర్భనిరోధక మాత్రలకి, రక్తం పలచబడే మందులకి, ఇన్సులిన్‌కి. వాటికి ముందే అడిగి పెట్టుకోండి.

మిషన్_ముల్లు

బీపీ మిషన్, ఇన్‌హేలర్, ఇన్సులిన్ నా వాటా.

చూపించుకోవచ్చా అని కాదు, తప్పకుండా చూపించుకోవాలి. "వాడటం వచ్చా?" అని అడిగితే అందరూ వచ్చనే అంటారు. "ఒకసారి వాడి చూపించండి" అన్నప్పుడే బయటపడుతుంది. సొంత ఇన్‌హేలర్ పట్టుకెళ్లి ఫార్మసిస్ట్ ఎదుట ఒక పఫ్ తీసుకోండి.

గ్యాస్ రకం ఇన్‌హేలర్‌లో ఎక్కువగా కనిపించే తప్పు ఊపిరికీ నొక్కుడుకీ పొంతన కుదరకపోవడం. మందు నాలుక మీద, గొంతు వెనక తగిలి ఆగిపోతుంది, ఊపిరితిత్తులకి చేరదు. బాగా ఊపి, ఊపిరి మొత్తం బయటికి వదిలి, పెదాలు బిగించి, నెమ్మదిగా లోపలికి పీల్చడం మొదలెడుతూనే నొక్కాలి. చివరిదాకా పీల్చి 10 సెకన్లు బిగబట్టాలి. రెండో పఫ్‌కి ముందు అర నిమిషం నుంచి నిమిషం ఆగి మళ్లీ ఊపాలి. స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం లాంటి డబ్బా, పెడితే ఈ పొంతన బాధ చాలావరకు పోతుంది, పిల్లలకైతే స్పేసర్ తప్పనిసరి అనుకోండి. స్పేసర్‌ని సబ్బు నీళ్లలో కడిగి అలాగే ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే లోపల స్థిర విద్యుత్తు పుట్టి మందు గోడలకి అంటుకుపోతుంది. పొడి రకం ఇన్‌హేలర్‌కి దీనికి తలకిందులు. గట్టిగా, వేగంగా పీల్చాలి, దాంట్లోకి ఊదకూడదు, తేమకి పొడి గడ్డకడుతుంది. స్టెరాయిడ్ ఉన్నదైతే వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు.

ఇంకోటి. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే వాడే 200 డోసుల ఇన్‌హేలర్ ఏడాదికి 3 ఖాళీ అవుతున్నాయంటే ఆస్తమా అదుపులో లేదు. ఇది డాక్టర్ కన్నా ముందు ఫార్మసిస్ట్‌కే తెలుస్తుంది, ఎందుకంటే అమ్మేది వాళ్లే. ఎప్పుడూ ఒకే షాపులో కొనడంలో ఉన్న లాభాల్లో ఇదొకటి. క్యానిస్టర్‌ని నీళ్లలో వేసి తేలితే అయిపోయినట్టు అనే పాత చిట్కా నమ్మకండి, డోసు కౌంటర్ చూడండి.

బీపీ: 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపుకి ఆనుడు, పాదాలు నేలమీద, కాలు మీద కాలు వద్దు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు, మూత్రానికి వెళ్లొచ్చాకే. పట్టీ చర్మం మీదే ఉండాలి, చొక్కా చెయ్యి మీద కాదు. చెయ్యి కిందికి వేలాడితే అంకె ఎక్కువ చూపిస్తుంది, లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా అంతే. పట్టీ సైజు కొనేటప్పుడే భుజం చుట్టుకొలత కొలిపించుకోండి. మణికట్టు మిషన్ కన్నా భుజానికి చుట్టేదే మేలు. పొద్దున రెండు, సాయంత్రం రెండు, మధ్యలో నిమిషం తేడాతో, 7 రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు కట్టాలి. ఇంట్లో తీసిన సగటు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. ఒక్కసారి 150 వచ్చిందని కంగారుపడి అదనపు మాత్ర మింగడం వద్దు. 180/120 దాటి, దాంతో ఛాతీనొప్పో, ఆయాసమో, చూపు మసకో, మాట తడబాటో ఉంటే మాత్రం నేరుగా ఎమర్జెన్సీకే.

బీపీ ఉన్నవాళ్లు జలుబు మాత్ర అడిగేటప్పుడు ఆ సంగతి చెప్పాలి. ముక్కుదిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్, ఫెనైలెఫ్రిన్ బీపీ పెంచుతాయి. ముక్కులో వేసే ఆక్సీమెటజొలిన్ చుక్కలు 3 నుంచి 5 రోజులు దాటి వాడితే ఆ చుక్కల వల్లే ముక్కు మూసుకుపోతుంది.

ఇన్సులిన్: వాడనిది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రీజర్ పెట్టెకి తగలకుండా. ఒకసారి గడ్డకట్టినది కరిగినా పనికిరాదు. వాడుతున్నది చాలావరకు 28 రోజులు బయట ఉండొచ్చు, ఎండ, వేడి తగలకుండా. రకాన్ని బట్టి ఈ రోజులు మారతాయి, అడిగి పెన్ మీద తేదీ రాయండి. తెల్లగా మసకగా ఉండే రకాన్ని అరచేతుల మధ్య 10 సార్లు దొర్లించి, 10 సార్లు తలకిందులు చేయాలి, గట్టిగా ఊపకూడదు. ప్రతిసారీ ముందు 2 యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క వస్తోందో చూడాలి. పొడిచి మీట నొక్కాక 10 లెక్కపెట్టి సూది తీయాలి. తొందరపడితే సూది కొసన చుక్క కారుతుంది, అది వెళ్లాల్సిన మందే. ఒకే చోట పొడిస్తే అక్కడ మెత్తటి గడ్డ కడుతుంది. నొప్పి ఉండదు కాబట్టి అక్కడే పొడవాలనిపిస్తుంది, కానీ ఇన్సులిన్ ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు. సీసా, సిరంజి వాడేవాళ్లు సీసా మీద మి.లీ.కి 40 యూనిట్లా, 100 యూనిట్లా అన్నది సిరంజితో సరిచూసుకోవాలి. 100 సీసాని 40 సిరంజితో లాగితే రెండున్నర రెట్లు వెళ్తుంది.

షుగర్ 70 కిందికి పడితే 15 గ్రాముల గ్లూకోజ్, 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్ష. అకార్బోస్, వోగ్లిబోస్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లకి మామూలు పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజే కావాలి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు.

అర_చెంచా

ఇంకో రెండు అడుగుతాను, విరేచనాలు, దురద. వీటికి ఫార్మసిస్ట్‌ని ఏం అడగాలి? విరేచనాలప్పుడు షుగర్ మందులు కొనసాగించాలా అన్నది కూడా.

కౌంటర్_వెనక

ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎంత నీళ్లని ఉందో అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్యాకెట్ 20.5 గ్రాములు, 1 లీటరుకి. "పిల్ల లీటరు తాగదు" అని గ్లాసు నీళ్లలో ప్యాకెట్ మొత్తం కలిపితే ఉప్పు విపరీతంగా పెరిగి పిల్లకి ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. కళ్ల అంచనాతో ప్యాకెట్ సగం చేయడమూ వద్దు. లీటరు కలిపి, మిగిలింది 24 గంటల తర్వాత పారబోయండి, లేదా 200 మి.లీ.కి సరిపడే చిన్న ప్యాకెట్లు అడగండి. పక్క అరలో అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలన్నీ ఓఆర్ఎస్ కావు, వెనక ఫార్ములా చదివించుకోండి.

ప్రతి విరేచనం తర్వాత రెండేళ్లలోపు పిల్లలకి 50 నుంచి 100 మి.లీ., రెండు నుంచి పదేళ్ల వాళ్లకి 100 నుంచి 200. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా, రెండు నిమిషాలకోసారి. గ్లాసుతో తాగిస్తే కడుపు ఉబ్బి మళ్లీ కక్కుతుంది. జింకు ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మి.గ్రా., అంతకన్నా చిన్నవాళ్లకి 10, మొత్తం 10 నుంచి 14 రోజులు. విరేచనాలు మూడో రోజుకి ఆగినా జింకు ఆపొద్దు, సగంలో మానేసేది ఇదే. విరేచనాలు ఆపే లోపెరమైడ్ పిల్లలకి వద్దు. రక్తం పడుతున్నా, తాగలేకపోతున్నా, 8 గంటలుగా మూత్రం లేకపోయినా, మత్తుగా ఉన్నా డాక్టర్ దగ్గరికి.

షుగర్ మందులు: వాంతులు, విరేచనాలు బాగా ఉన్న రోజుల్లో మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వర్గం మందులు, నీరు మాత్రలు, కొన్ని బీపీ మందులు కొద్దిరోజులు ఆపాల్సి రావచ్చు. వీటిలో దేన్ని, ఎప్పటిదాకా అన్నది ఆరోగ్యంగా ఉన్నప్పుడే డాక్టర్‌తో మాట్లాడి కాగితం మీద రాయించుకోండి, ఒక కాపీ ఫార్మసిస్ట్‌కి ఇవ్వండి. ఇన్సులిన్ మాత్రం సొంతంగా ఆపకూడదు, తినకపోయినా సరే.

గుళిక_గుట్టు

దురద నాకు వదిలేయండి. కౌంటర్ దగ్గర ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే అని నా అభిప్రాయం.

తామరకి స్టెరాయిడ్ కలిపిన క్రీములు, అంటే ట్యూబు మీద క్లోబెటాసోల్, బీటామెథజోన్ లాంటి పేరు ఉన్నవి, అడిగి తీసుకోకండి. రెండు రోజుల్లో దురద పోతుంది, ఎరుపు తగ్గుతుంది, అందరూ మంచి మందనుకుంటారు. ఫంగస్ మాత్రం కింద హాయిగా పాకుతుంది. ఆపగానే రెట్టింపు, పైగా గుండ్రటి అంచు చెరిగిపోయి డాక్టర్‌కి కూడా గుర్తుపట్టడం కష్టం. క్లోట్రిమజోల్ లాంటిది ఒక్కటే ఉన్న క్రీము, మచ్చ అంచు దాటి బయటికి కూడా రాయాలి. మచ్చ కనబడకుండా పోయాక కూడా ఒకటి రెండు వారాలు. తల మీద, గోళ్లలో అయితే క్రీముతో పోదు, డాక్టర్‌కి చూపించాలి.

రాత్రిళ్లు పెరిగే దురద, వేళ్ల సందుల్లో పొక్కులు, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉందంటే గజ్జి అనుమానించాలి. 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. పెద్ద మనిషికి ఒకసారికి 30 గ్రాముల ట్యూబు పడుతుంది, ఇంటిల్లిపాదికీ ఒక ట్యూబు చాలదు. మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డు, గజ్జలు వదలకుండా. పసివాళ్లకి, బాగా ముసలివాళ్లకి తలకి, ముఖానికి కూడా, కళ్లు, నోరు వదిలి. రెండు నెలలలోపు బిడ్డకైతే ఏదీ పూయకుండా డాక్టర్‌ని అడగాలి. 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం. మధ్యలో చేతులు కడిగితే చేతులకి మళ్లీ రాయాలి, చాలామంది మరిచేది ఇదే. వారం తర్వాత రెండోసారి. దురద లేనివాళ్లతో సహా ఇంట్లో అందరూ అదే రోజు పూసుకోవాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి, ఉతకలేనివి సంచిలో కట్టి వారం పక్కన పెట్టాలి.

పురుగులు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. చర్మం ఇంకా చల్లబడలేదంతే. మందు పని చేయలేదనుకుని రోజూ పెర్మెత్రిన్ పూస్తే చర్మం మండి దురద ఇంకా పెరుగుతుంది. ఆ రోజుల్లో ఫార్మసిస్ట్‌ని అడగాల్సింది ఇంకో పెర్మెత్రిన్ ట్యూబు కాదు, చర్మాన్ని మెత్తబరిచే మామూలు క్రీము. నాలుగు వారాలు దాటినా తగ్గకపోయినా, కొత్త పొక్కులు లేస్తున్నా మాత్రం చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.